నాన్నగారు కంప్యూటర్‌ని బోర్డు స్విచ్చితోనే ఆపేస్తున్నారు, పాడవుతుందా?

కాశీనగర్ నుంచి అడిగిన తమ్ముడికి. మీరు అడిగినవి రెండు విషయాలు. ఎరువుల షాపు కట్టేసే వేళ నాన్నగారు షట్‌డౌన్ చేయకుండా గోడ మీది స్విచ్చి ఆపేస్తున్నారు, దానివల్ల నష్టమా? షట్‌డౌన్ కొట్టినా ఒక్కోసారి చక్రం తిరుగుతూనే ఉంటుంది, అప్పుడేం చేయాలి?

నష్టమే. యంత్రం ఒక్క రోజులో పాడైపోదు గానీ లెక్కలు మాత్రం ఒక్క దెబ్బకే పోవచ్చు. నేను పర్లాకిమిడిలో డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతాను. కంప్యూటర్ మొరాయిస్తే చుట్టుపక్కల షాపుల వాళ్లు ముందు నా దగ్గరికే తెస్తారు. అలా ఒక బట్టల షాపాయన తెచ్చిన సీపీయూలో బాకీల ఫైలు చూశాను. పేరు ఉంది, సైజు మామూలుగానే ఉంది, తెరిస్తే లోపల ఒక్క అక్షరం లేదు. సేవ్ చేశానని ఆయన గట్టిగా చెప్పారు, అది నిజమే కూడా. మనం సేవ్ కొట్టగానే విండోస్ అంతా డిస్కులో రాసేయదు, కాసేపు ర్యామ్‌లో, అంటే కరెంటు పోతే చెరిగిపోయే తాత్కాలిక మెమరీలో ఉంచుకుని వీలు చూసుకుని రాస్తుంది. ఫైలు పేరు, సైజు లాంటి వివరాలకు దాని దగ్గర ఒక చిట్టా ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక ఆ చిట్టా చూసి సర్దుకుంటుంది. ఫైలు లోపలి లెక్కలకు అలాంటి చిట్టా లేదు. ఎస్‌ఎస్‌డీ, అంటే వేగంగా పనిచేసే కొత్త రకం డిస్కు ఉంది కదా అని ధీమా పడకండి, దానిలోనూ రాయాల్సింది కొంత ఎప్పుడూ మిగిలే ఉంటుంది.

నాన్నగారికి మౌసు పట్టి స్టార్ట్ మెనూ వెతకడం కష్టమైతే ఆయన్ని మార్చాలని చూడకండి, బటన్‌ని మార్చండి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్ నొక్కితే ఏం చేయాలో అడిగే చోట షట్‌డౌన్ పెట్టండి. బిల్లింగ్ ప్రోగ్రాం మూసేసి, సీపీయూ మీది బటన్ ఒక్కసారి నొక్కి వదిలేస్తే చాలు, కంప్యూటర్ పద్ధతిగా ఆగిపోతుంది. నొక్కి పట్టుకోకూడదు, ఆ ఒక్కటీ గట్టిగా చెప్పండి. పట్టుకుంటే కరెంటు తీసేసినట్టే.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. మానిటర్ నల్లబడగానే పని అయిపోయిందనుకుని బోర్డు స్విచ్చి ఆపేస్తారు. తెర ముందు ఆరిపోతుంది, సీపీయూ ఇంకా పనిలోనే ఉంటుంది. చెయ్యి దగ్గర పెట్టి చూడండి, ఫ్యాను గాలి తగులుతుంది, డిస్కు లైటు మిణుకుమంటూ ఉంటుంది. ఫ్యాను ఆగి, పవర్ లైటు ఆరాకే, యూపీఎస్ (కరెంటు పోయినా కాసేపు బ్యాటరీతో నడిపే పెట్టె) ఉంటే దాన్ని ఆపి, ఆ తర్వాత గోడ స్విచ్చి. మౌసు కింద ఎర్ర లైటు ఇంకా వెలుగుతుంటే కంగారు పడొద్దు. షట్‌డౌన్ అయ్యాక కూడా మదర్‌బోర్డుకి, అంటే సీపీయూ లోపలి ప్రధాన బోర్డుకి, 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది. గోడ స్విచ్చి ఆపితే అదీ ఆరిపోతుంది.

చక్రం తిరుగుతూనే ఉంటే ముందు తెర మీద ఏం రాసి ఉందో చదవండి. అప్‌డేట్ అని ఉంటే అరగంటైనా ఆగాల్సిందే, మధ్యలో తీసేస్తే విండోస్ మళ్లీ లేవకపోవచ్చు. ఏదో ప్రోగ్రాం ఆపనివ్వడం లేదని చూపిస్తే క్యాన్సిల్ కొట్టి, దాన్ని సేవ్ చేసి మూసి, మళ్లీ షట్‌డౌన్ చేయండి. ఏమీ లేకుండా బిగుసుకుపోతే, డిస్కు లైటు చాలాసేపు వెలగకుండా ఉందని చూసుకుని, అప్పుడు మాత్రమే బటన్ పది సెకన్లు పట్టుకోండి. మౌసు చచ్చిపోతే కీబోర్డు మీది విండోస్ బటన్ పట్టుకుని ఎక్స్ నొక్కి, రెండూ వదిలేసి, యు రెండుసార్లు నొక్కండి.

ఇక కరెంటు దానంతటదే పోవడం. మన వైపు గాలి వాన వచ్చిందంటే చెప్పక్కర్లేదు. యూపీఎస్ కొనండి, 600 వీఏది ఒక్క కంప్యూటర్‌కి సరిపోతుంది. అయితే అది బిల్లులు కొట్టుకోవడానికి కాదు, కంప్యూటర్ మూసుకోవడానికి. బీప్ మొదలవగానే సేవ్, షట్‌డౌన్. చేతిలో పది నిమిషాలు ఉన్నాయని ఇంకో బిల్లు మొదలుపెట్టొద్దు, ఎందుకంటే బ్యాటరీ పాతబడ్డాక ఆ పది నిమిషాలు రెండు అవుతాయి. రెండు మూడేళ్లకు బ్యాటరీ మార్చాల్సి వస్తుంది. మానిటర్‌ని కూడా యూపీఎస్‌కే కలపండి, లేకపోతే చీకట్లో ఏం మూస్తున్నామో తెలియదు. లేజర్ ప్రింటర్‌ని మాత్రం దానికి తగిలించకండి, ఒక్కసారిగా లోడు లాగేసి మొత్తం ఆపేస్తుంది.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మన గజపతి జిల్లా మీద పడింది కదా. అలాంటప్పుడు స్విచ్చి ఆపితే సరిపోదు, ప్లగ్గే పీకేయాలి. కరెంటు తిరిగొచ్చేటప్పుడు వోల్టేజి ఎక్కువ తక్కువలవుతుంది, పవర్ సప్లై (సీపీయూ లోపల కరెంటు అందించే పెట్టె) కాలిపోయేది ఎక్కువగా అప్పుడే. ఎండాకాలం సాయంత్రాల పిడుగులకీ ఇంతే. రూటర్ ప్లగ్గు, దాని నుంచి సీపీయూకి వచ్చే ల్యాన్ కేబులు కూడా తీసేయండి, పిడుగు దెబ్బ ఆ తీగ గుండా కూడా మదర్‌బోర్డుకి చేరుతుంది. ఇవన్నీ ఉరుములు మొదలవకముందే చేయాలి, మీద ఉరుముతుండగా తీగలు పట్టుకోవద్దు.

బటన్ సెట్టింగ్ మార్చేలోపు, ఈ రాత్రికే బిల్లింగ్ డేటా ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ కాపీని ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరుచుకోకపోతే షాపు కంప్యూటర్ మీద కొత్త బిల్లులేవీ వేయకుండా ఇక్కడ రాయండి, తర్వాత ఏం చేయాలో చెబుతాను.