రెండు పాటలు, ఒకే బేస్

బేస్ నిండుగా ఉండే డబ్‌స్టెప్, డ్రమ్ అండ్ బేస్, బేస్ హౌస్ రకాల డ్యాన్స్ ట్రాకుల్ని డీజేలు కలిపేటప్పుడు వచ్చే చిక్కుల మీద వచ్చిన ప్రశ్నలే ఈసారి తీసుకున్నాం. ఒకే సంగతి చాలామంది అడిగినచోట అన్నీ కలిపి ఒక్క ప్రశ్నగా వేశాం.

ప్రశ్న: నావి రెండూ 140 బీపీఎం (నిమిషానికి 140 బీట్లు) డబ్‌స్టెప్ ట్రాకులే. బీట్ బాగానే కలుస్తోంది, హెడ్‌ఫోన్లో ఎక్కడా జారడం లేదు. అయినా రెండూ కలిసి మోగేచోట ఒక్కోసారి బేస్ మాయమైపోతుంది. ఒక్కోసారి గదంతా గుయ్యిమని మోగి స్నేర్ (డ్రమ్స్‌లో టప్‌మనే దెబ్బ) వినబడదు. తప్పు ఎక్కడ జరుగుతోంది? – విజయవాడ పాఠకుడు

జవాబు: బీట్ కలపడంలో మీ తప్పేమీ లేదు. రెండు ట్రాకుల సబ్ బేసునీ (అన్నిటికన్నా అడుగున ఉండే బేస్) ఒకేసారి తెరిచి ఉంచుతున్నారు, అదీ సంగతి. 50 హెర్ట్జ్ బేస్‌లో ఒక్కో అల నిడివి 20 మిల్లీసెకన్లు. రెండో ట్రాక్ అందులో సగం, అంటే 10 మిల్లీసెకన్లు వెనకపడిందనుకోండి. ఒకటి పైకి లేచేసరికి రెండోది కిందికి దిగుతుంది, రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. ఇంత చిన్న తేడాను డ్రమ్స్‌లో చెవి పెద్దగా పట్టించుకోదు కాబట్టి బీట్ కలిసినట్టే అనిపిస్తుంది. అదే రెండు అలలూ సరిగ్గా ఒకదానిమీద ఒకటి పడితే స్థాయి 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అప్పుడు ఆంప్ దగ్గరున్న లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా నొక్కే పరికరం) బేస్‌తో పాటు పాట మొత్తాన్నీ కిందికి నొక్కుతుంది. మీ స్నేర్ మునిగేది అక్కడే.

కాబట్టి ఎప్పుడు చూసినా ఒక్క ట్రాక్‌కి మాత్రమే 'లో' నాబ్ తెరిచి ఉండాలి. (మిక్సర్‌లో ఒక్కో చానల్‌కి బేస్‌కి 'లో', మధ్య శబ్దాలకి మిడ్, పై శబ్దాలకి హై అని మూడు నాబులుంటాయి.) బేస్‌ను ఒక ట్రాక్ నుంచి ఇంకోదానికి అప్పగించే చోటు కూడా ముందే లెక్కపెట్టుకోవాలి. 140లో ఒక బార్, అంటే నాలుగు బీట్లు, 1.71 సెకన్లు, 16 బార్లు దాదాపు 27 సెకన్లు. మోగుతున్న ట్రాక్‌లో డ్రాప్ భాగం (బేస్ నిండుగా విరుచుకుపడే చోటు) ఎక్కడ ముగుస్తుందో, రాబోయే ట్రాక్‌లో ఇంట్రో ఎన్ని బార్లో చూసుకోండి. ఎక్కువగా 16 గానీ 32 గానీ ఉంటుంది. ఇంట్రో 16 బార్లయితే, పాత ట్రాక్ డ్రాప్ ముగియడానికి సరిగ్గా 16 బార్ల ముందు కొత్తదాన్ని వదలాలి.

కొత్త ట్రాక్ గెయిన్ (చానల్‌లోకి వచ్చే శబ్దం స్థాయి) పెట్టేటప్పుడు చాలామంది ఇంట్రో విని పెట్టేస్తారు. ఇంట్రో ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది, దాన్ని బట్టి పెంచితే డ్రాప్ వచ్చేసరికి మీటర్ ఎర్రబడుతుంది. హెడ్‌ఫోన్లో డ్రాప్ దగ్గరికి వెళ్లి, అక్కడి మీటర్ చూసి గెయిన్ పెట్టి, తర్వాత మొదటికి రండి. లో నాబ్ పూర్తిగా ఎడమకు తిప్పేయండి. మిడ్‌ని పది గంటల స్థానంలో ఉంచండి (గడియారం ముల్లు లెక్కన; పన్నెండు అంటే మామూలు స్థాయి). డబ్‌స్టెప్‌లో ఈ మిడ్ చాలా ముఖ్యం. బేస్ గుర్రుమనే శబ్దం చాలావరకు 200 హెర్ట్జ్ పైనే ఉంటుంది, లో ఒక్కటే కోస్తే అది పోదు.

ఫేడర్‌ని (చానల్ శబ్దం పెంచే, తగ్గించే జారుడు మీట) 8 బార్ల పాటు నెమ్మదిగా పైకి తేండి. చివరి 4 బార్లలో పాత ట్రాక్ మిడ్ తగ్గిస్తూ రండి. ఆఖరి బార్‌లో నాలుగో బీట్ మీద పాత ట్రాక్ 'లో' నాబ్ పూర్తిగా తీసేయండి. ఆ ఒక్క బీట్ బేస్ లేకుండా ఖాళీగా పోవాలి. గదిలో మోగుతున్న పాత బేస్ చల్లారడానికి ఆ 0.43 సెకన్లు పనికొస్తాయి. తర్వాతి బార్ ఒకటో బీట్ మీద కొత్త ట్రాక్ 'లో', మిడ్ నాబులు రెండూ పన్నెండు గంటలకు వచ్చేయాలి. పాత ట్రాక్ హై మాత్రం ఇంకో 8 బార్లు ఉంచి, ఆపై ఫేడర్ దించేయండి.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాట్లు మూడు. ఒకటి, బేస్‌ను ఇంట్రోలోనే మార్చేయడం. ఇంట్రోలో బేసే ఉండదు, అర నిమిషం ఫ్లోర్ బోసిపోతుంది. రెండు, తొందరలో నాబ్ పన్నెండు దాటి రెండు గంటలకు పోవడం. మూడోది, ఖాళీ అయిన చానల్ నాబుల్ని వాటి చోటికి తిప్పడం మరిచిపోవడం. ఆ చానల్ మీదికి తర్వాత వచ్చే ట్రాక్ బేస్ లేకుండానే మోగుతుంది, కారణం తట్టేసరికి డ్రాప్ సగం అయిపోతుంది.

మిక్సర్ గురించి ఒక మాట. పయనీర్ డీజేఎం-900 నెక్సస్ 2 లాంటి వాటిలో ఈ నాబులకు ఈక్యూ, ఐసొలేటర్ అని రెండు పద్ధతులకు స్విచ్ ఉంటుంది. ఈక్యూలో నాబ్ అడుగుకు తిప్పినా తగ్గేది 26 డెసిబెల్సే, అంటే అల ఎత్తు ఇరవయ్యో వంతుకు వస్తుంది. ఐసొలేటర్‌లో ఆ బ్యాండ్ పూర్తిగా పోతుంది. బేస్ మార్పిడికి ఈక్యూ చాలు, ఐసొలేటర్‌లో నాబ్ కొంచెం కదిలినా తేడా పెద్దగా తెలిసిపోతుంది.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. 2000 తర్వాత తొలి ఏళ్లలో దక్షిణ లండన్‌లోని క్రాయిడన్ చుట్టుపక్కల పుట్టిన తొలినాటి డబ్‌స్టెప్‌లో ఇంట్రోలు పొడుగు, ఖాళీ ఎక్కువ. వాటిని నిమిషం పాటు కలిపి నడిపినా బాగుంటుంది. 2010 తర్వాత వచ్చిన, మిడ్ నిండా గోల ఉండే రకాన్ని అలా కలపబోతే చెవులు నొప్పెడతాయి. వాటికి 4 నుంచి 8 బార్లలో పని ముగించడమే మేలు.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ రెండు ట్రాకులకీ 4ఏ అనే చూపిస్తోంది. కీ (పాట శ్రుతి) ఒకటే కదా, మరి కలిపినప్పుడు బేస్ ఎందుకు ఊగుతోంది? – వరంగల్ పాఠకురాలు

జవాబు: 4ఏ అంటే ఎఫ్ మైనర్. అందులో అడుగున ఉండే ఎఫ్ స్వరం 43.65 హెర్ట్జ్. మీరు ఒక ట్రాక్‌ను 140 నుంచి 143కి పెంచి, మాస్టర్ టెంపో (వేగం మారినా స్వరం మారకుండా ఉంచే బటన్) ఆన్ చేయలేదనుకుందాం. వేగంతో పాటు స్వరం కూడా పెరిగి 44.59 అవుతుంది. రెండింటి తేడా ఇంచుమించు 0.94 హెర్ట్జ్. అందుకే సెకనుకు దాదాపు ఒకసారి బేస్ లేస్తూ పడుతూ ఉంటుంది. ఒకటి ఎఫ్, ఇంకోటి ఎఫ్ షార్ప్ అయితే, అంటే 4ఏ, 11ఏ, తేడా 2.6 హెర్ట్జ్. అప్పుడది ఊగడం దాటి దడదడలాడుతుంది.

మాస్టర్ టెంపో ఆన్ చేస్తే స్వరం నిలుస్తుంది. కానీ టెంపో ఎక్కువ మార్చినకొద్దీ కిక్ (బేస్ డ్రమ్) దెబ్బ మెత్తబడుతుంది. రెండు మూడు శాతం వరకు పెద్దగా తెలియదు, ఎనిమిది శాతం దగ్గర కిక్ పదును పోయిందని పెద్ద బాక్సుల మీద ఇట్టే తెలుస్తుంది. కీ కుదరడం పైన ఉండే సింథ్‌కీ గొంతుకీ పనికొస్తుంది. సబ్ విషయంలో మాత్రం కీ కుదిరినా కుదరకపోయినా ఒకటే మోగాలి.

సాఫ్ట్‌వేర్ చెప్పే కీని కూడా గుడ్డిగా నమ్మకండి. గుర్రుమనే బేస్‌లో స్వరం జారుతూ ఉంటుంది, అలాంటిచోట అది తప్పు చెప్పడం మామూలే. కీబోర్డు యాప్‌లో ఆ స్వరం నొక్కి చెవితో సరిచూసుకోండి.

ప్రశ్న: డ్రమ్ అండ్ బేస్‌లో రెండు డ్రాపులు ఒకేసారి పడేలా చేస్తారు కదా, ఆ డబుల్ డ్రాప్ లెక్క ఎలా? ఒకటే బేస్ అంటే మరి రెండు డ్రాపులెలా? – హైదరాబాద్ పాఠకుడు

జవాబు: డబుల్ డ్రాప్ అనగానే ఈ రంగంలో అందరికీ గుర్తొచ్చే పేరు లండన్ డీజే ఆండీ సీ, ఆయన మూడు డెక్కుల (ప్లేయర్ల) మీద చేస్తారు. మీరు రెండింటితో మొదలుపెట్టండి.

లెక్క వెనక నుంచి రావాలి. 174 బీపీఎంలో ఒక బార్ 1.38 సెకన్లు, 32 బార్లు 44 సెకన్లు. రెండు ట్రాకుల్లోనూ డ్రాప్ మొదటి బీట్ మీద హాట్ క్యూ (నొక్కగానే పాట అక్కడికి దూకే గుర్తు) పెట్టండి. అక్కడి నుంచి బీట్ జంప్‌తో 32 బీట్ల చొప్పున నాలుగుసార్లు వెనక్కి వస్తే 32 బార్లు అవుతుంది, అక్కడ ఇంకో క్యూ పెట్టండి. మోగుతున్న ట్రాక్ తన రెండో క్యూ దగ్గరికి రాగానే కొత్తదాన్ని దాని రెండో క్యూ నుంచి వదలండి. ఇక డ్రాపులు కలిసి పడాల్సిందే. మధ్యలో ఏదైనా ట్రాక్‌లో డ్రాప్‌కి ముందు రెండు బార్లు అదనంగా పెట్టి ఉంటారు, అప్పుడు రెండో క్యూ భాగం మొదట్లో పడదు, అలాంటివి ముందే విని గుర్తు పెట్టుకోవాలి.

జోడీ ఎంపికలోనే సగం పని అయిపోతుంది. ఒకదానిలో ఆగకుండా దొర్లే సబ్ ఉంటే, రెండోదానిలో గొంతు గానీ తెగి తెగి వచ్చే మిడ్ శబ్దం గానీ ఉండాలి. రెండింటిలోనూ నిండా బేస్ ఉంటే వదిలేయండి, ఏ నాబ్ తిప్పినా కుదరదు. కుదిరిన జోడీకి కూడా డ్రాప్ మీద ఒకటే 'లో' నాబ్ తెరిచి ఉండాలి. మొదటి 16 బార్లు పాత ట్రాక్ బేస్, తర్వాతి 16 కొత్తదాని బేస్. ఆ మార్పిడి పడినప్పుడు ఫ్లోర్‌కి మూడో డ్రాప్ వచ్చినట్టుంటుంది.

స్నేర్లు రెండూ 2, 4 బీట్ల మీదే పడతాయి కాబట్టి ఇంకో ఇబ్బంది ఉంది. కొంచెం జారినా టప్‌టప్‌మని జంట దెబ్బ వినిపిస్తుంది. ఒక ట్రాక్ మిడ్ కాస్త తగ్గించండి, డ్రాప్‌కి ముందు రెండు చానళ్ల గెయిన్ ఓ 3 డెసిబెల్స్ చొప్పున దించండి. లేదంటే డ్రాప్ పడగానే లిమిటర్ నొక్కేసి, రెండు ట్రాకులూ కలిసి ఒక్కదానికన్నా చిన్నగా వినిపిస్తాయి.

ప్రశ్న: 128లో ఉన్న బేస్ హౌస్ నుంచి 174కి ఫ్లోర్ ఖాళీ కాకుండా ఎలా వెళ్లాలి? – డాలస్ పాఠకుడు

జవాబు: 174లో ముప్పావు వంతు వేగం 130.5. అంటే 130.5 దగ్గర ముప్పావు బీట్ నిడివి, 174 దగ్గర ఒక బీట్ నిడివి ఒకటే: 345 మిల్లీసెకన్లు. దీన్ని వాడుకోండి. ఒకటి రెండు పాటల మీదుగా 128ని 130.5కి తెచ్చుకుంటే పెంచింది రెండు శాతమే, ఎవరూ గమనించరు. తర్వాత బ్రేక్ భాగంలో, 'లో' కోసేసి, కిక్ మొదట్లో ఉండేలా ముప్పావు బీట్ లూప్ (మళ్లీ మళ్లీ మోగే ముక్క) కట్టండి. ఆ లూప్ 174లో కొడుతుంది. 8 బార్లలోపే డ్రమ్ అండ్ బేస్ ఇంట్రో పైకి తెచ్చి లూప్ వదిలేయాలి, అంతకుమించి తిప్పితే విసుగు. సింక్ బటన్ ఆపి ఉంచడం మరవకండి. ఆన్‌లో ఉంటే సాఫ్ట్‌వేర్ ఒక ట్రాక్ వేగాన్ని రెండోదాని మీదికి లాగేసి మీ లెక్కంతా పాడుచేస్తుంది.

లూప్ అంత పొట్టిగా కట్టడానికి వీలు లేకపోతే ఎకో ఎఫెక్ట్‌ని 3/4 బీట్ మీద పెట్టి, 'లో' తీసేసి, పాత ట్రాక్ ఫేడర్ దించండి. ఎకో ప్రతి దెబ్బా 174 బీట్ మీదే పడుతుంది. ఎకోలోకి బేస్ వెళ్లనివ్వకూడదు, వెళ్తే ప్రతి ప్రతిధ్వనీ ముందుదాని మీద పేరుకుని మోత మాత్రమే మిగులుతుంది.

ప్రశ్న: ఇంట్లో 5 అంగుళాల స్పీకర్లే ఉన్నాయి. బేస్ మార్పిడి సరిగా పడిందో లేదో ఎలా తెలుస్తుంది? – తిరుపతి పాఠకురాలు

జవాబు: ఆ సైజు స్పీకర్లు 50 హెర్ట్జ్ కింద చాలావరకు చేతులెత్తేస్తాయి. మిక్స్‌ను వేవ్ ఫైలుగా రికార్డ్ చేసి, ఆడాసిటీలో 120 హెర్ట్జ్ పైనున్నదంతా లో పాస్ ఫిల్టర్‌తో తీసేసి మంచి హెడ్‌ఫోన్లో వినండి. మార్పిడి దగ్గర అల ఉబ్బితే రెండు బేసులు కలిశాయన్నమాట, ఒక బార్ దాటి చదునైతే చేయి ఆలస్యమైందన్నమాట.

ప్రశ్న: మా వైపు ఫంక్షన్లలో తీన్మార్ నుంచి బేస్ ట్రాక్‌కి మారమంటారు. గ్రిడ్ (బీట్లు ఎక్కడ పడతాయో సాఫ్ట్‌వేర్ చూపే గీతలు) ఎంత సరిచేసినా జారుతోంది. శబ్దం గురించి పోలీసుల అభ్యంతరాలు కూడా ఉన్నాయి, ఎంతవరకు పెట్టొచ్చు? – కరీంనగర్ పాఠకుడు

జవాబు: మనుషులే డప్పు వాయించి రికార్డ్ చేసిన తీన్మార్‌లో వేగం నిలకడగా ఉండదు, పాట మొదటికీ చివరికీ తేడా వస్తుంది. పాటంతటికీ ఒకే గ్రిడ్ వేస్తే జారక తప్పదు. మారబోయే చోట 8 బార్లకు మాత్రం గ్రిడ్ సరిచేసుకుని, అందులో శుభ్రంగా ఉన్న 2 బార్లు లూప్ కట్టండి. పైగా తీన్మార్‌లో ఒక్కో బీట్ మూడు ముక్కలు, బేస్ ట్రాక్‌లో నాలుగు. రెండింటి హై హ్యాట్లూ కలిసి వినిపిస్తే ఎవరి అడుగూ కుదరదు. బేస్ ట్రాక్ హై మూసి, కిక్ మాత్రం 4 బార్లు వినిపించి, ఒకటో బీట్ మీద డప్పు ఒక్కసారిగా కోసేయండి. ఇక్కడ నెమ్మదిగా కలపడం కన్నా కోయడమే బాగుంటుంది.

శబ్దం సంగతికొస్తే, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర ఆ ప్రాంతానికి నిర్ణయించిన శబ్ద పరిమితికి 10 డెసిబెల్స్ మించకూడదు, లేదా 75 డెసిబెల్స్ దాటకూడదు. రెంటిలో ఏది తక్కువైతే అది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు కుదరవు. హైదరాబాద్‌లోనైతే 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను పోలీసులు నిషేధించారు. ఫోన్ యాప్ చూపే అంకెతో ధీమాగా ఉండకండి. నిబంధనల్లో వాడే డీబీ(ఏ) కొలత 50 హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని దాదాపు 30 డెసిబెల్స్ తగ్గించి లెక్కిస్తుంది. మీటర్‌లో అంకె చిన్నగానే ఉంటుంది, పక్కింటి కిటికీ అద్దాలు మాత్రం అదురుతాయి. అలాంటిచోట ఫేడర్ ముట్టకుండా సబ్ బాక్సుల ఆంప్ ఒక్కటే తగ్గించమని సౌండ్ ఆపరేటర్‌కి చెప్పండి.