అమ్మాయి ఒకినావా వెళ్ళి ఫోటోగ్రాఫర్ అవుతానంటోంది: ముందు ఆ బీరువా తాళం తీయండి

ప్రశ్న: నమస్తే సార్. మేం కూకట్‌పల్లిలో ఉంటాం, సొంతూరు నాగాయలంక, అమ్మ ఇంకా అక్కడే ఉంటుంది. మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది, సీఎస్ఈ సీటు వచ్చే మార్కులే ఉన్నాయి. కానీ జపాన్‌లో ఒకినావా అనే దీవికి వెళ్ళి ఫోటోగ్రాఫర్ అవుతానని ఒకటే పట్టు. కోపమొచ్చి కెమెరా బీరువాలో పెట్టి తాళం వేశాను, మూడు నెలలైంది, నాతో సరిగ్గా మాట్లాడట్లేదు. మా బావమరిది పిల్లలిద్దరూ టెక్సాస్‌లో సెటిల్ అయ్యారు. బీటెక్ మంచిదా, ఇక్కడే ఫోటోగ్రఫీ డిగ్రీ మంచిదా, జపాన్ వెళ్ళడం మంచిదా, మూడూ పోల్చి చెప్పగలరు.

జవాబు: పోల్చి చెప్తానండీ, కానీ ముందు ఆ కెమెరా బయటికి తీయండి. వానాకాలంలో మూడు నెలలు మూసిన బీరువాలో, బహుశా పట్టుచీరల పక్కన కలరా ఉండల మధ్య ఉంటే లెన్స్ ఏమవుతుందో మీకు తెలిసి ఉండదు. ఒకసారి లెన్స్ విప్పి వెనక నుంచి సెల్ టార్చ్ వేసి చూడండి, లోపల గాజు మీద సాలెగూడు లాగా సన్నటి తెల్లటి దారాలు కనిపిస్తే అది ఫంగస్, గుడ్డ పెట్టి తుడిచినా పోదు, సర్వీస్ వాళ్ళు విప్పి క్లీన్ చేయాల్సిందే. మీ అమ్మాయి వెళ్తానంటున్న ఒకినావాలో ఫోటోగ్రాఫర్లు రోజూ పోరాడేది దీంతోనే. అది ఉపఉష్ణ మండలం దీవి, మే మధ్య నుంచి జూన్ చివరిదాకా ముసురు, ఆ తర్వాత అక్టోబర్ దాకా తుపాన్ల భయం, ఏడాదంతా సముద్రపు ఉప్పుగాలి. అందుకే గాలిలో తేమ నలభై, యాభై శాతం దగ్గర ఉంచే డ్రై క్యాబినెట్ వాళ్ళ ఇళ్ళల్లో మనింట్లో ఫ్రిజ్ ఎంత మామూలో అంత మామూలు. ఏసీ కారులోంచి కెమెరా తీసుకుని బయటికి దిగితే లెన్స్ మీద ఆవిరి పట్టేసి కాసేపు ఏమీ కనపడదు, ఈలోపు సూర్యాస్తమయం అయిపోతుంది, పెళ్ళికూతురు ఎదురుగా నిలబడే ఉంటుంది. రీల్స్‌లో నీలం సముద్రం ఉంటుంది గానీ ఇది ఉండదు.

ఇంకో మాట, కొంచెం గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. మీరు అడిగింది మూడు కోర్సుల గురించి కదా, మరి బావమరిది పిల్లలు టెక్సాస్‌లో ఉన్నారన్న వాక్యం ఎందుకు రాశారు? ఆ వాక్యం తీసేసినా ప్రశ్నకి ఏ లోటూ రాదు. ఇన్నేళ్ళలో ఇలాంటి ఉత్తరాలు లెక్కలేనన్ని చదివానండీ, ప్రతి దాంట్లోనూ ఇలాంటి వాక్యం ఒకటి ఉంటుంది, అసలు భయం అక్కడే ఉంటుంది. రేపు పెళ్ళిలో, పేరంటంలో ఎవరైనా "అమ్మాయి ఏం చేస్తోంది" అని అడిగితే ఏం చెప్పాలి, ఇదీ మీ బాధ. దాని కింద ఇంకో భయం కూడా ఉంది, పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒక్కతే భాష రాని దేశంలో ఎలా బతుకుతుందని. మొదటి దానికి నా దగ్గర జవాబు లేదు, ఆ బరువు పిల్ల నెత్తిన పెట్టడం మాత్రం తప్పు. రెండోది సరైన భయం, తండ్రికి ఉండాల్సిన భయం, దాని గురించి మాట్లాడుకుందాం.

ఇప్పుడు ఈ ఫోటోగ్రఫీ ఫ్యాషన్ సంగతి. ట్రావెల్ ఫోటోగ్రాఫర్, డ్రోన్ రీల్స్, డెస్టినేషన్ వెడ్డింగ్, ఆరు నెలల డిప్లొమాకి లక్షల ఫీజు. వీటి మీద నాకు చాలా అనుమానాలున్నాయి, దాచను. ఒకినావాలో ఫోటోగ్రాఫర్‌కి ఇంటద్దె కట్టుకునేంత డబ్బు తెచ్చే పని ఎక్కువగా టూరిస్టుల నుంచే వస్తుంది, ఒన్నా గ్రామం వైపు రిసార్టుల్లో, చిన్న చర్చిల్లాంటి చాపెళ్ళలో పెళ్ళి ఫోటోలు, బీచ్ మీద జంటల ఫోటోషూట్లు, కెరామా దీవుల వైపు డైవింగ్ ఫోటోలు. ఒక జంటకి ఒక స్లాట్, టైమ్ కాగానే ఇంకో జంట. నవ్వించడం, గాలికి ఎగిరే పెళ్ళికూతురి మేలిముసుగు పట్టుకోవడం, రాత్రికి ఎడిటింగ్, మళ్ళీ పొద్దున్నే. మంచి పనే, కష్టమైన పని, కానీ మీ అమ్మాయి కలలో ఉన్నది ఇది కాదేమో అని నా అనుమానం. ఆ పని కూడా టూరిస్టులు వస్తేనే. 2019లో ఆ దీవులకి కోటి మందికి పైగా వచ్చారు, కోవిడ్ రాగానే 2020లో నలభై లక్షల మంది కూడా రాలేదు. తుపాను వస్తే విమానాలు క్యాన్సిల్, విమానాలు క్యాన్సిల్ అయితే పెళ్ళిళ్ళు క్యాన్సిల్. జపాన్ మొత్తంలో తలసరి ఆదాయం అన్నిటికంటే తక్కువ ఉండే జిల్లా అదే అని కూడా తెలుసుకోండి. డ్రోన్ అంటారా, వంద గ్రాములు, ఆపైన బరువుంటే రిజిస్టర్ చేయాలి, అమెరికా సైనిక స్థావరాల దగ్గర ఎగరేయకూడదు, ఆ ప్రధాన దీవిలో ఆ స్థావరాలు సుమారు పదిహేను శాతం నేల ఆక్రమించి ఉన్నాయి.

వీసా ఒక్క పేరాలో చెప్పేస్తాను. టూరిస్ట్ వీసా మీద వెళ్ళి డబ్బు తీసుకుని ఫోటోలు తీస్తే అది చట్ట విరుద్ధం. మన వాళ్ళకి జపాన్ వర్కింగ్ హాలిడే వీసా, అంటే తిరుగుతూ మధ్యలో పని చేసుకునే వీసా, లేదు. స్టూడెంట్ వీసా మీద పర్మిషన్ తీసుకుని వారానికి 28 గంటలు పార్ట్‌టైమ్ చేయొచ్చు. డిగ్రీ లేకుండా వర్క్ వీసా దొరకడం చాలా కష్టం. ఎవరైనా కన్సల్టెన్సీ వాళ్ళు "లాంగ్వేజ్ స్కూల్‌లో చేరండి, స్టూడియోలో జాబ్ మేం చూస్తాం" అంటే నమ్మకండి, నా స్టూడెంట్ ఒకడు అలాగే నమ్మి వెళ్ళి ఏడాదంతా కన్వీనియన్స్ స్టోర్‌లో రాత్రి షిఫ్టులు చేశాడు, కెమెరా బ్యాగ్ తెరిచే ఓపిక కూడా ఉండేది కాదని ఫోన్‌లో ఏడ్చాడు.

ఇంత చెప్పాను కాబట్టి వద్దంటున్నాననుకోకండి. ఎందుకంటే ఒకినావా ఫోటోగ్రఫీ అంటే బీచ్ కాదు, అక్కడ చాలా గొప్ప పని జరిగింది. హిగా యసువో అని ఒకాయన, పదేళ్ళు పోలీసు ఉద్యోగం చేశాడు. 1968లో కడెనా స్థావరంలో అమెరికా బి-52 బాంబర్ విమానం కూలిపోయాక ఉద్యోగం వదిలేసి టోక్యో వెళ్ళి ఫోటోగ్రఫీ చదువుకున్నాడు. తర్వాత ఏళ్ళ తరబడి మియాకో, కుడాకా లాంటి చిన్న దీవులు తిరిగి అక్కడి పూజలు చేసే ఆడవాళ్ళని ఫోటోలు తీశాడు. కుడాకాలో పన్నెండేళ్ళకోసారి ఇజాయిహో అనే పండగ, ఆ ఊళ్ళో పుట్టిన ఆడవాళ్ళు ముప్ఫై దాటాక పూజారిణులయ్యే వేడుక, 1978లో జరిగిందే చివరిది, ఆ తర్వాత అర్హులైన వాళ్ళే దొరక్క ఆగిపోయింది. ఆ 1978 వేడుక దగ్గర ఆయన ఉన్నాడు. మన ఊళ్ళో గంగానమ్మ జాతర అనుకోండి, ఎవడో కెమెరా పట్టుకుని వస్తే గుళ్ళోకి రానిస్తామా? ముందు వచ్చి కూర్చోవాలి, మాట కలపాలి, పెట్టింది తినాలి, మళ్ళీ రావాలి, అప్పుడు కదా.

ఇంకొకావిడ ఇషికావా మావో, అక్కడే 1953లో పుట్టింది, అంటే ఒకినావా ఇంకా అమెరికా పాలనలో ఉన్న రోజులు, జపాన్‌కి తిరిగి ఇచ్చింది 1972 మేలో. 1974లో టోక్యో వెళ్ళి తోమత్సు షోమే అనే పేరున్న ఫోటోగ్రాఫర్ దగ్గర నేర్చుకుంది, తిరిగొచ్చి నల్లజాతి సైనికులు వచ్చే బార్లలో తనూ పనిచేస్తూ, తోటి అమ్మాయిలతో కలిసి బతుకుతూ వాళ్ళని తీసింది. బయట నుంచి వచ్చి తొంగిచూసిన ఫోటోలు కావవి. జపాన్‌లో ఫోటోగ్రఫీకి ఇచ్చే, పెద్ద పేరున్న డొమోన్ కెన్ అవార్డు ఆమెకి 2024లో వచ్చింది, అంటే డెబ్భై దాటాక! మీ అమ్మాయికి ఇరవై రెండేళ్ళకే ప్యాకేజ్ రావాలని మీరు లెక్కలేసుకుంటున్నారు, ఈ పని నడక వేరండీ. ఆ తోమత్సు కూడా ఒకినావా వాడు కాదు, నగోయా నుంచి వచ్చినవాడు, 1969లో సైనిక స్థావరాలు తీద్దామని వచ్చి ఆ దీవుల మనుషుల మీద, సముద్రం మీద మనసు పడి చివరికి ఒకినావా ముఖ్య పట్టణం నాహాలోనే కన్నుమూశాడు. బయటివాళ్ళకి చోటు ఉంది అక్కడ, ఉండిపోయేవాళ్ళకి.

అందుకే మీ అమ్మాయిని ఒకే ఒక్క ప్రశ్న అడగండి, కోర్టులో లాయర్ లాగా కాదు, అన్నం తినేటప్పుడు మామూలుగా. "అక్కడ ఎవర్ని ఫోటో తీద్దామనుకుంటున్నావమ్మా?" "ఏముంది నాన్నా, బీచ్ ఎంత బాగుందో" అంటే ఇంకా టైమ్ పడుతుంది, తొందరేం లేదు. ఎవరి పేరో, ఏదో ఊరో, ఏదో పండగో చెప్పిందంటే మాత్రం మీరు ఆ తాళం వేసి ఎంత పెద్ద తప్పు చేశారో మీకే అర్థమవుతుంది.

పోలిక అడిగారు కదా. బీటెక్ తప్పేం కాదు, జపాన్ వర్క్ వీసాకి అది బలమైన దారి కూడా. నిజాం దగ్గర ఫోటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ చదివింది రూర్కీలో ఇంజనీరింగే, ఇండోర్‌లో పీడబ్ల్యూడీ ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టాడు. కానీ ఇష్టం లేని పిల్లని నాలుగేళ్ళు క్లాసులో కూర్చోబెడితే బ్యాక్‌లాగ్‌లు తప్ప ఏమీ మిగలవు, అలాంటి వాళ్ళని వారానికొకర్ని చూస్తున్నాను. ఇంటర్ అవ్వగానే నేరుగా జపాన్ మాత్రం వద్దు, ఇందులో నేను పూర్తిగా మీ పక్షం. హైదరాబాద్‌లోనే జేఎన్ఏఎఫ్ఏయూలో, అంటే జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో, ఫోటోగ్రఫీలో బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఉంది, నాలుగేళ్ళు, ఇంట్లోంచే వెళ్ళొచ్చు. నేనైతే అందులో చేర్పించి పక్కనే జపనీస్ మొదలుపెట్టిస్తాను, డ్రైవింగ్ కూడా నేర్పిస్తాను, ఎందుకంటే ఒకినావాలో నాహా మోనోరైల్ దాటితే కారు లేకుండా కదల్లేరు, అక్కడా మనలాగే ఎడమ పక్కనే నడుపుతారు. ఇరవై రెండేళ్ళకి చేతిలో డిగ్రీ, నోట్లో భాష, నాలుగేళ్ళ ఫోటోలు ఉన్న పిల్లని పంపడానికి మీకే ఇంత భయం ఉండదు. అప్పటికి మనసు మారినా పోయేదేం లేదు, ఆ డిగ్రీతో ఇక్కడే పని ఉంది. మీ పిల్ల ఎక్కడికీ పోలేదండీ, మీ ఇంట్లోనే ఉంది, మాట్లాడట్లేదు అంతే.

అసలు మీది నాగాయలంక అని చూడగానే నాకు ఆశ్చర్యమేసింది. దీవి కోసం మీ అమ్మాయి జపాన్ దాకా చూస్తోంది, ఏటిమొగ రేవులో పంటు ఎక్కితే ఎదురుమొండి దీవి, మడ అడవులు, వేటకి వెళ్ళే పడవలు. అక్కడ 1977 ఉప్పెన గుర్తున్న వాళ్ళు ఇంకా ఉన్నారు, మీ అమ్మగారికి కూడా అది గుర్తుండొచ్చు, అడగండి. కాలేజీ తెరిచేలోపు నెల రోజులు నాయనమ్మ దగ్గర ఉండి రమ్మనండి, రోజూ అదే పంటు, అదే మనుషులు. వాళ్ళు తనని పేరు పెట్టి పిలిచే దాకా ఎన్ని రోజులు పట్టిందో, అప్పటి ఫోటోకీ మొదటి రోజు ఫోటోకీ తేడా ఏంటో తనకే కనపడుతుంది.

ఈ ఆదివారం తాళం తీసి, లెన్స్ చెక్ చేయించి, ఒక గాలి చొరబడని డబ్బా, నాలుగు సిలికా జెల్ ప్యాకెట్లు కొనండి. తర్వాత మీరే దగ్గరుండి ఊరికి తీసుకెళ్ళండి. పంటు ఎక్కేటప్పుడు ఆ కెమెరా బ్యాగ్ కాసేపు మీరు పట్టుకోండి, ఏం తీస్తోందో చూడండి, ఏమీ అడక్కండి.