టెక్ సందేహాలు: ‘డెస్పసితో’ వీడియోలో జస్టిన్ బీబర్ ఉన్నారా?

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడే విశాఖపట్నంలో ఇంజినీరింగ్ చదువుతోంది. కాలేజీ క్విజ్‌కు ప్రశ్నలు తయారుచేసే పని ఆమెకు అప్పగించారు. ‘డెస్పసితో’ అనే స్పానిష్ పాట వీడియోలో కెనడా గాయకుడు జస్టిన్ బీబర్ కనిపిస్తారా అని ఫోన్‌లోని ఏఐ చాట్‌బాట్‌ను అడిగితే ఒకసారి ఉన్నారని, ఇంకోసారి లేరని చెప్పింది. విడుదల తేదీ ఒకచోట 2017 జనవరి 12, మరోచోట జనవరి 13, వేరొకచోట ఏప్రిల్ 17 అని ఉంది. ప్రపంచంలో అత్యధికంగా చూసిన వీడియో ఇప్పటికీ ఇదేనంటూ వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ కూడా వచ్చింది. దేన్ని నమ్మమంటారు?
– ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ అమ్మాయికి దొరికిన మూడు తేదీల్లో పూర్తిగా తప్పు అనదగ్గది ఒక్కటీ లేదు. అవి మూడూ ఒకే రికార్డింగుకు సంబంధించినవి కాకపోవడమే చిక్కు. ఈ పేరుతో రెండు రికార్డింగులు ఉన్నాయన్న సంగతి ముందు తేల్చుకుంటే మిగతా ముడులు వాటంతట అవే విడిపోతాయి.

మొదటిది ప్యూర్టోరికోకు చెందిన లూయిస్ ఫోన్సి, డాడీ యాంకీ కలిసి పాడిన అసలు పాట. వారిద్దరితో పాటు పనామాకు చెందిన ఎరికా ఎండర్ దీని రచనలో పాలుపంచుకున్నారు. పాట, కార్లోస్ పెరెజ్ దర్శకత్వం వహించిన వీడియో 2017 జనవరి రెండో వారంలో వచ్చాయి. రెండోది బీబర్ గొంతు కలిసిన రీమిక్స్. సంగీత పర్యటనలో భాగంగా కొలంబియా వెళ్లిన బీబర్ అక్కడి క్లబ్‌లో ఈ పాటకు జనం ఊగిపోవడం చూసి ముచ్చటపడ్డారు. ఆ తర్వాత సిద్ధమైన రీమిక్స్ ఏప్రిల్ 17న విడుదలైంది. అప్పటికి వీడియో వచ్చి మూడు నెలలు దాటింది కాబట్టి, అందరూ చూసే ఆ వీడియోలో బీబర్ లేరు, ఉండే వీలూ లేదు. రీమిక్స్‌ను యూట్యూబ్‌లో ఫోన్సి చానల్ ఆడియోగానే పెట్టింది. క్విజ్‌లో ఈ ప్రశ్న అడగాలనుకుంటే ‘2017 జనవరిలో వచ్చిన వీడియోలో’ అన్న మాటను తప్పకుండా చేర్చమని మీ అమ్మాయికి చెప్పండి.

ఇక 12, 13 తేదీల మాట. మనకూ ప్యూర్టోరికోకూ తొమ్మిదిన్నర గంటల తేడా ఉంది. అక్కడ రాత్రి విడుదలైన పాట మనకు మర్నాడు ఉదయం వచ్చినట్లు లెక్క. పైగా యూట్యూబ్ చూపించే తేదీ అమెరికా పశ్చిమ తీరపు కాలమానాన్ని అనుసరిస్తుంది, అది మనకంటే పన్నెండు గంటలకు పైగా వెనుక ఉంటుంది. అందుచేత అర్ధరాత్రికి అటూఇటూ విడుదలైన ఏ పాటకైనా రెండు తేదీలు ప్రచారంలో ఉండటం మామూలే. క్విజ్‌కు ‘ఏ నెలలో’ అని అడిగితే చాలు, తగాదా ఉండదు.

చాట్‌బాట్ రెండు రకాలుగా ఎందుకు చెప్పిందన్నది ఇంకా ముఖ్యమైన ప్రశ్న. వెతికే సదుపాయాన్ని జోడించనప్పుడు అది ఏ పేజీనీ తెరిచి చూడదు. తాను నేర్చుకున్న కోట్ల వాక్యాల్లో ఏ మాట పక్కన ఏ మాట ఎక్కువగా వస్తుందో దాన్ని బట్టి జవాబును అల్లుతుంది. ‘డెస్పసితో’, ‘వీడియో’, ‘బీబర్’ అన్న మూడు మాటలు లక్షల చోట్ల పక్కపక్కనే ఉంటాయి కనుక అవి ఒకే వాక్యంలోకి సులువుగా చేరిపోతాయి. అలాంటి జవాబును తీసిపారేయనక్కరలేదు గానీ, దాన్ని వాకబు చేయాల్సిన కబురుగానే తీసుకోవాలి.

ఈ గందరగోళానికి అమెరికాలో ఆ వారం ఎక్కువ ఆదరణ పొందిన పాటలకు స్థానాలిచ్చే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టిక కూడా ఒక కారణం. 2017లో ఈ పాట ఆ పట్టికలో 16 వారాలు మొదటి స్థానంలో నిలిచి, మరియా కేరీ, బాయ్జ్ టు మెన్ బృందం 1995లో విడుదల చేసిన యుగళగీతం నెలకొల్పిన రికార్డును సమం చేసింది. ఆ వారాల్లో పట్టికలో ఫోన్సి, యాంకీ పేర్లతో పాటు బీబర్ పేరు కూడా ఉంది. అంటే పట్టికలోని ఘనత ముగ్గురిది, వీడియోలోని ముఖాలు ఇద్దరివి. ఈ తేడా తెలియక రెండింటినీ కలిపి రాసినవారు చాలామంది ఉన్నారు, వారిలో పేరున్న పత్రికల వాళ్లూ ఉన్నారు.

స్క్రీన్‌షాట్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ‘అత్యధికంగా చూసిన వీడియో’ అన్న మాటకు తేదీ జోడించకపోతే అర్థమే లేదు. 2017 జులైలో విజ్ ఖలీఫా, చార్లీ పుత్ పాడిన ‘సీ యూ అగైన్’ అప్పటిదాకా ముందున్న ‘గంగ్నమ్ స్టైల్’ను దాటింది. నెల తిరక్కుండానే ఆగస్టు 4న ‘డెస్పసితో’ దాన్నీ దాటి 300 కోట్ల వీక్షణలకు చేరింది. 2018 ఏప్రిల్‌లో 500 కోట్లు దాటింది. 2020 నవంబరు 2న ‘బేబీ షార్క్’ దీన్ని రెండో స్థానానికి నెట్టింది. నేను కూడా లోగడ ఒక జవాబులో ఈ పాటను ‘అత్యధికంగా చూసిన వీడియో’ అని తేదీ లేకుండా రాశాను. అది తప్పు, ఆ వాక్యాన్ని ఎవరైనా దాచుకుని ఉంటే దయచేసి సరిదిద్దుకోండి.

స్క్రీన్‌షాట్‌లోని అంకెను మార్చడం ఎంత తేలికో ఒకసారి మీరే చూడండి. కంప్యూటర్‌లో క్రోమ్ బ్రౌజర్‌లో వీడియో పేజీ తెరిచి, వీక్షణల సంఖ్య మీద మౌస్ కుడి మీట నొక్కి ‘ఇన్‌స్పెక్ట్’ను ఎంచుకోండి. పక్కన తెరుచుకునే కోడ్‌లో ఆ అంకె మీద రెండుసార్లు క్లిక్ చేసి మీకు తోచిన అంకె టైప్ చేసి ఎంటర్ నొక్కితే పేజీ మీద అదే కనిపిస్తుంది. పేజీని రీలోడ్ చేయగానే అసలు అంకె తిరిగొస్తుంది. ఈ రెండింటి నడుమ తీసిన బొమ్మే చేతులు మారుతూ మీ దాకా వచ్చి ఉండవచ్చు. పాత తేదీన నిజంగా ఎంత ఉందో తెలుసుకోవాలంటే పాత వెబ్ పేజీల నకళ్లను దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో వీడియో లింకు అతికించి, క్యాలెండర్‌లో గుర్తు పెట్టిన రోజును ఎంచుకోండి. అన్ని రోజుల నకళ్లూ దొరకవు. దగ్గరి తేదీది దొరికినా స్క్రీన్‌షాట్ నిజానిజాలు తేల్చడానికి సరిపోతుంది.

లెక్కింపు యంత్రం కూడా మనుషులు కట్టిందేనని ‘గంగ్నమ్ స్టైల్’ 2014లో చూపించింది. యూట్యూబ్ అప్పట్లో వీక్షణలను 32-బిట్ సంఖ్యగా దాచేది, దానిలో పట్టే గరిష్ఠ విలువ 214,74,83,647 మాత్రమే. ఆ పాట దాన్ని దాటే పరిస్థితి రావడంతో లెక్కను 64-బిట్‌కు మార్చారు. ఆ మార్పు జరిగి ఉండకపోతే ‘డెస్పసితో’ 500 కోట్లను చూపించే చోటే ఉండేది కాదు. అదే మైలురాయి దాటిన కొద్ది రోజులకు, 2018 ఏప్రిల్ 10న, దుండగులు ఈ వీడియో ముఖచిత్రాన్ని తుపాకులు పట్టుకున్న ముసుగు మనుషుల బొమ్మతో మార్చేశారు. వీడియో కాసేపు మాయమై, మళ్లీ వచ్చింది. ఆ రోజు చూసినవారు ‘తొలగించారు’ అని రాసిన మాటలు ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంటాయి. వాటిని పట్టుకుని ఇప్పుడున్నది రెండోసారి అప్‌లోడ్ చేసిన వీడియో అనుకోవద్దు.

మీరు చూస్తున్నది అసలు వీడియోనే అని నిర్ధారించుకోవడానికి చానల్ పేరు పక్కన సంగీత స్వరం గుర్తు ఉందో లేదో చూడండి. ఆ గుర్తు కళాకారుల అధికారిక చానళ్లకే ఉంటుంది. నిడివి కూడా మంచి ఆధారం. ఆడియో నాలుగు నిమిషాల లోపే ముగుస్తుంది, వీడియో నాలుగున్నర నిమిషాలు దాటుతుంది. వివరణలో కింద కనిపించే ‘మ్యూజిక్’ భాగాన్ని మాత్రం పూర్తిగా నమ్మకండి. దానిలో చాలా భాగం ధ్వనిని పోల్చి యంత్రం నింపినదే కనుక రీమిక్స్ పేరు అసలు పాట కింద, అసలు పేరు రీమిక్స్ కింద చేరే అవకాశం ఉంది.

ప్రశ్న: అదే వీడియో మొదట్లో వచ్చే సముద్రం మన యారాడ తీరమని ఒక రీల్‌లో చెబుతున్నారు. నిజమేనా? ఇలాంటివి ఇంట్లోనే తేల్చుకోవచ్చా?
– గాజువాక నుంచి ఒక పాఠకుడు

జవాబు: నిజం కాదు. ఆ వీడియోను ప్యూర్టోరికో రాజధాని శాన్ హువాన్‌లోని లా పెర్లా అనే పేటలో, పాత నగరంలోని లా ఫాక్టోరియా అనే బార్‌లో తీశారు. అందులో కనిపించే మోడల్ 2006లో మిస్ యూనివర్స్‌గా నిలిచిన సులైకా రివేరా, ఆమెదీ ప్యూర్టోరికోనే.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. కంప్యూటర్‌లో వీడియోను ఆపి, కీబోర్డు మీద ఫుల్‌స్టాప్ మీట నొక్కితే ఒక్కొక్క ఫ్రేమ్ ముందుకు, కామా మీట నొక్కితే వెనక్కి జరుగుతుంది. నీటిని చూడకండి, నీరు ఎక్కడైనా ఒక్కలాగే ఉంటుంది. నీటి వెనుక ఏముందో చూడండి. యారాడలో ఇసుక తీరం వెనుక పచ్చని కొండలు, కొబ్బరి చెట్లు ఉంటాయి. వీడియోలో రంగురంగుల ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఒడ్డు దాకా దిగి ఉంటాయి. ఆ ఇళ్లు స్పష్టంగా ఉన్న ఫ్రేమ్‌ను గూగుల్ లెన్స్‌లో వెతకండి. ఆపైన గూగుల్ మ్యాప్స్‌లో లా పెర్లా అని వెతికి, జనం పెట్టిన ఫొటోలతో పోల్చండి. పాత నగరపు కోట గోడకూ అట్లాంటిక్ సముద్రానికీ మధ్య ఇరుక్కున్నట్లు ఉండే పేట అది. ఒక ఇల్లు కలిస్తే చాలదు, గోడ, వీధి వాలు, సముద్రం ఉన్న దిక్కు మూడూ కలవాలి.

పోలిక కుదిరాక వీడియో మీద కుడి మీట నొక్కి, ఆ క్షణంతో సహా లింకును కాపీ చేసే ఎంపికను వాడండి. రీల్ పంపిన మిత్రుడికి ఆ లింకును, మ్యాప్ లింకును కలిపి పంపితే ఆయన కూడా అదే ఫ్రేమ్ దగ్గర ఆగి చూసుకోగలరు.