ఓనర్ ఎంత మంచివాళ్లయినా అద్దె క్యాష్‌లో ఇవ్వకండి

"మా ఓనర్ అద్దె క్యాష్‌లోనే ఇవ్వమంటున్నారు, ఫోన్‌పే వద్దంటున్నారు. ఒప్పుకోవచ్చా?" అని అడిగారు. ఒప్పుకోకండి. నేను ఒప్పుకుని 23,000 పోగొట్టుకున్నాను.

2019లో హైదరాబాద్ మూసాపేటలో రెండు గదుల పోర్షన్‌లో ఉండేవాళ్లం. అద్దె 11,500. చేరిన రోజే ఓనర్ చెప్పారు, "ఫోన్‌పే గీన్‌పే వద్దు తమ్మీ, అమ్మ చేతుల పెట్టు" అని. ఆ అమ్మకి డెబ్బై దాటి ఉంటాయి. ప్రతి నెలా 5న గేటు పక్క మెట్ల మీద కూర్చుని, నోట్లు ఒళ్లో పెట్టుకుని మూడుసార్లు లెక్కపెట్టేది. ఓసారి అంచు చిరిగిన ఐదొందల నోటు వస్తే నన్ను పైకి పంపి వేరేది తెప్పించింది. లెక్క సరిపోయాక కొంగున ముడేసుకుని లోపలికి వెళ్లేది. అంత పెద్దావిడని సంతకం ఏం అడుగుతాం, మొహమాటం. మా ఆవిడ మాత్రం పాల లెక్క రాసే క్యాలెండర్లోనే ఆ తేదీ గడిలో "అద్దె ఇచ్చాం" అని రాసేది.

ఖాళీ చేసే రోజు, సామాను ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తుంటే ఓనర్ డైరీ పట్టుకొచ్చారు. జూన్, ఆగస్టు అద్దెలు రాలేదన్నారు. క్యాలెండర్ చూపించాం. "మీరు రాసుకుంటే అయితదా?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. పెద్దావిడని పిలిచి, "ఆగస్టులోనే కదమ్మా, చిరిగిన నోటు మార్పించారు" అని గుర్తుచేశాను. ఆవిడ కాసేపు నా మొహం వంకే చూసి, "ఇచ్చినవనే అనుకుంటున్న బిడ్డా, గానీ వాడు రాలేదంటుండు గదా" అంది.

మా రెండు నెలల అడ్వాన్సు అక్కడికక్కడే పోయింది. పైగా పెయింటింగ్‌కి ఇంకో ఐదు వేలు ఇమ్మన్నారు. మేం చేరినప్పుడే పెచ్చులూడుతున్న గోడలవి!

ఆ ఓనర్ మోసం చేశారని నేను ఇప్పటికీ అనను. ఆయన డైరీలో లేదు, అంతే. అదే బ్యాంకులో పడి ఉంటే ఆ పెద్దావిడ కూడా అలా నలిగిపోయేది కాదు.

ఓనర్లకి ట్యాక్స్ భయం. అందులో ముప్పాతిక వంతు అనవసరం. అద్దె ఆదాయంలో కట్టిన ఆస్తి పన్ను పోగా, మిగిలినదాంట్లో 30 శాతం ఏ బిల్లూ చూపించకుండానే మినహాయిస్తారు. ఇంకే పెద్ద ఆదాయమూ లేని ఓనర్‌కి, ఒకటి రెండు పోర్షన్ల అద్దె మీద పన్ను పడటమే తక్కువ. నష్టమంతా మనకే. పాత పన్ను విధానంలో హెచ్ఆర్ఏ (జీతంలో ఇంటి అద్దె కోసం ఇచ్చే భాగం) మీద పన్ను మినహాయింపు కావాలంటే, ఏడాది అద్దె లక్ష దాటినప్పుడు ఓనర్ పాన్ నంబర్ ఇవ్వాలి. నేను అడిగితే "గట్లయితే వేరే ఇల్లు చూస్కో" అన్నారు.

తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలోనే, అద్దె కట్టినవాళ్లకి రసీదు హక్కు అని ఉంది. ఓనర్ అద్దె తీసుకోకుండా తప్పించుకుంటే, ఏ బ్యాంకులో వేయాలో పది రోజుల్లో చెప్పమని నోటీసు ఇవ్వొచ్చు. చెప్పకపోతే మనియార్డర్ చేయాలి, దాని కమీషన్ కూడా అద్దెలోంచే తగ్గించుకుని. ఆ చట్టం పాత బిల్డింగులకీ చిన్న అద్దెలకే కాబట్టి ఇప్పటి ఫ్లాట్లకి పెద్దగా పనికిరాదు. కానీ "బ్యాంకులో వేస్తాను" అనడం తలబిరుసు కాదని మీ ఓనర్‌కి చెప్పడానికి ఇది చాలు.

అప్పటికీ వినకపోతే, డబ్బు చేతికిచ్చిన నిమిషంలోనే "ఈ నెల అద్దె ముట్టింది" అని వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెట్టించుకోండి. మొహమాటపడకండి. ఇంతకీ మీరు అడ్వాన్సు ఎలా ఇచ్చారో రాయలేదు. అదీ క్యాషే అయితే, ఈ నెల అద్దె కంటే ముందు దానికి సంతకం తీసుకోండి.