హేగ్ వెళ్లే ముందు కోర్టు క్యాలెండర్ చూడండి

నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలు, మా జవాబులు.

మా అబ్బాయి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటాడు. అక్కడికి వెళ్లినప్పుడు ఒకరోజు హేగ్ వెళ్లి అంతర్జాతీయ న్యాయస్థానం చూడాలని ఉంది. లోపలికి రానిస్తారా?
– ఒక పాఠకుడు, విజయవాడ

రానిస్తారు. కానీ నేరుగా గేటు దగ్గరికెళ్లి టికెట్ అడిగితే మాత్రం దొరకదు. ఆ న్యాయస్థానం ఉండేది పీస్ ప్యాలెస్‌లో. ట్రామ్ స్టాపులో దాని డచ్ పేరు ‘ఫ్రేడెస్‌పలైస్’ (Vredespaleis) అని రాసి ఉంటుంది, గుర్తుపెట్టుకోండి. గైడు వెంట ఉండే టూర్లలోనే లోపల తిప్పుతారు. అవి ఎక్కువగా శని, ఆదివారాల్లో, అదీ కొన్ని తేదీల్లోనే ఉంటాయి. టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే అయిపోతాయి. కోర్టుకు పని పడితే టూర్ ఉండదు. కాబట్టి ప్యాలెస్ వెబ్‌సైట్లో తేదీ దొరికాక, దాన్ని బట్టి మిగతా రోజులు సర్దుకోండి. చాలామంది ముందు ఊర్లన్నీ ఖాయం చేసుకుని, హేగ్‌కు మిగిలిన పూట ఇస్తారు. చివరికి గేటు ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. పాస్‌పోర్టు అసలుదే వెంట ఉంచుకోండి.

టూర్ దొరక్కపోయినా గేటు పక్కనే విజిటర్ సెంటర్ ఉంది. ప్రవేశం, ఆడియో గైడ్ రెండూ ఉచితం. సోమవారం మూసేస్తారు. చలికాలంలో వేళలు ఇంకా తగ్గుతాయి.

లోపలికి వెళ్లగలిగితే గోడలకన్నా వస్తువులు చూడండి. 1899లో రష్యా జార్ రెండో నికోలస్ పిలుపుతో 26 దేశాలు హేగ్‌లో శాంతి సదస్సు జరిపాయి. అక్కడ పుట్టిన మధ్యవర్తిత్వ కోర్టుకు ఇల్లు కావాలని ఆండ్రూ కార్నెగీ 15 లక్షల డాలర్లు ఇచ్చాడు. 1913 ఆగస్టు 28న భవనం తెరిచారు. గృహప్రవేశానికి చుట్టాలు తలా ఒకటి తెచ్చినట్టు దేశాలన్నీ కానుకలు ఇచ్చాయి. గోపురం మీది గడియారం స్విట్జర్లాండ్‌ది, లోపలి పెరట్లో ఫౌంటెన్ డెన్మార్క్‌ది. రష్యా ఇచ్చిన జాస్పర్ రాతి కలశం బరువు 3 టన్నుల పైమాటే. శాంతి సౌధం తెరిచి ఏడాది తిరక్కుండానే మొదటి ప్రపంచ యుద్ధం మొదలవడం చరిత్ర ఆడిన వెటకారం.

హేగ్‌కు ఒక్కరోజు చాలు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైల్లో సుమారు 50 నిమిషాలు. హేగ్‌లో సెంట్రాల్, హెచ్.ఎస్. అని రెండు స్టేషన్లున్నాయి. హెచ్.ఎస్.లో దిగితే 1వ నంబరు ట్రామ్ ప్యాలెస్ మీదుగా స్కేవెనింగెన్ సముద్రతీరం దాకా వెళ్తుంది. వెర్మీర్ గీసిన ‘ముత్యపు పోగు అమ్మాయి’ చిత్రం ఉండే మౌరిట్స్‌హౌస్ మ్యూజియం సోమవారం మధ్యాహ్నం 1 గంటకు గానీ తెరవరు. దాని పక్కనున్న పాత పార్లమెంటు భవనాలు 2021 నుంచి మరమ్మతుల్లో ఉన్నాయి, వాటి మీద ఆశ పెట్టుకోకండి.

ఐసీజే (అంతర్జాతీయ న్యాయస్థానం), ఐసీసీ (అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు) రెండూ హేగ్‌లోనే కదా? కుల్‌భూషణ్ జాదవ్ కేసు ఎక్కడ నడిచింది? విద్యార్థులు విచారణ చూడొచ్చా?
– లా విద్యార్థిని, వరంగల్

జాదవ్ కేసు నడిచింది ఐసీజేలో, అంటే పీస్ ప్యాలెస్‌లో. అక్కడ కక్షిదారులు దేశాలే, మనుషులు కాదు. గూఢచారి అంటూ పాకిస్థాన్ మరణశిక్ష వేసిన జాదవ్ కోసం భారత్ వేసిన ఆ కేసులో 2019 జులై 17న తీర్పు వచ్చింది. కాన్సులర్ సంబంధాల వియన్నా ఒప్పందాన్ని (విదేశంలో అరెస్టయిన వారిని వారి దేశ అధికారులు కలవనివ్వాలనేది) పాకిస్థాన్ ఉల్లంఘించిందని 15–1తో తేల్చారు. అది ఐక్యరాజ్యసమితి కోర్టు, 15 మంది న్యాయమూర్తులు (ఆ కేసుకు పాకిస్థాన్ నియమించిన తాత్కాలిక న్యాయమూర్తి పదహారో వారు), తొమ్మిదేళ్ల పదవీకాలం. మన రాజ్యాంగ సభ సలహాదారు బి.ఎన్. రావ్ 1952లో అక్కడ న్యాయమూర్తి అయ్యారు.

ఐసీసీ వేరు. అది యుద్ధ నేరాల వంటి వాటికి వ్యక్తులను విచారిస్తుంది, ఐక్యరాజ్యసమితి అంగం కాదు, భారత్ అందులో సభ్యదేశం కూడా కాదు. ఊరి చివర ఇసుక దిబ్బల పక్కన 2015 చివర్లో కొత్త భవనంలోకి మారింది.

విచారణ చూడాలంటే మీకు ఐసీసీయే నయం. ఐసీజేలో ప్రజలకు సీట్లు తక్కువ, ప్రకటన రాగానే నమోదు చేసుకోవాలి. ఐసీసీలో సందర్శకుల గ్యాలరీ ఉచితం. ముందురోజు రాత్రి వెబ్‌సైట్లో విచారణల పట్టిక మళ్లీ చూడండి, ఎందుకంటే వాయిదాలు అక్కడా మామూలే. పాస్‌పోర్టు చూపించి, ఫోన్ లాకర్లో పెట్టి, హెడ్‌ఫోన్ తీసుకుని కూర్చోవాలి. సాక్షి రక్షణ కోసం గుప్త విచారణకు మారితే అద్దాలకు తెరలు దించేస్తారు. అప్పుడు లేచి వెళ్లిపోకండి, కాసేపట్లో మళ్లీ తెరవొచ్చు. జులై, ఆగస్టుల్లో మూడు వారాలు కోర్టుకు సెలవు. మన వాళ్ల యూరప్ ప్రయాణాలు సరిగ్గా అప్పుడే పడతాయి.

ట్రామ్‌కు, రైలుకు మన బ్యాంకు కార్డు సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

వీసా, మాస్టర్‌కార్డ్ అయితే సరిపోతుంది, రూపే పనికిరాదు. బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో ‘అంతర్జాతీయ’, ‘కాంటాక్ట్‌లెస్’ రెండూ ఆన్ చేయండి. మన కార్డుల్లో అవి మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి. ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి మిషన్‌కు తాకించాలి. ట్రామ్‌లో మిషన్ తలుపు దగ్గరే ఉంటుంది. ఇద్దరికి ఒకే కార్డు కుదరదు. ఎక్కేటప్పుడు ఫోన్, దిగేటప్పుడు కార్డు తాకించారంటే రెండూ ఒకే ఖాతావైనా మిషన్ వాటిని వేర్వేరు ప్రయాణాలుగా లెక్కేస్తుంది, డబ్బు రెండు వైపులా పోతుంది.

మచిలీపట్నంలో డచ్ వాళ్ల కోట గురించి రాసుకుంటున్నాను. రికార్డులు హేగ్‌లో ఉన్నాయంటారు, నిజమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, మచిలీపట్నం

నిజమేనండి. సెంట్రాల్ స్టేషన్‌ను ఆనుకునే జాతీయ ఆర్కైవ్స్ ఉంది. గుర్తింపు పత్రం చూపి నమోదు చేసుకుంటే చదవనిస్తారు. డచ్ ఈస్టిండియా కంపెనీ కాగితాలు 1.04.02 నంబరు జాబితాలో ఉన్నాయి. చాలావరకు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు గనుక ముందు ఇంటి నుంచే వెతకండి. ‘మచిలీపట్నం’ అని కొడితే ఏమీ రాదు. ‘మసులిపటామ్’ (Masulipatam), పాలకొల్లుకు ‘పాలికోల్’ (Palicol), భీమిలికి ‘బిమిలిపట్నమ్’ (Bimilipatnam), మొత్తం తీరానికి ‘కోరమండల్’ (Coromandel) అని ప్రయత్నించండి. కొత్తవాళ్లు పొరబడేది ఏడాది దగ్గర. ఆసియా నుంచి వచ్చిన ఉత్తరాల సంపుటాలను, రాసిన ఏడాదిని బట్టి కాక అవి నెదర్లాండ్స్ చేరిన ఏడాదిని బట్టి కట్టారు. 1660 సంగతి కావాలంటే తర్వాతి ఒకట్రెండేళ్ల సంపుటాలూ తిరగెయ్యాలి.

శాకాహారులం. తిండి ఎలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సురినామ్ హోటళ్లు వెతకండి. 1873 నుంచి భోజ్‌పురి ప్రాంతాల కూలీలను డచ్ వాళ్లు దక్షిణ అమెరికాలో తమ వలస రాజ్యమైన సురినామ్‌కు తీసుకెళ్లారు. వాళ్ల సంతతి ఇప్పుడు హేగ్‌లో చాలామందే ఉన్నారు. ‘బారా’ అంటే మినప్పిండితో మధ్యలో చిల్లు పెట్టి నూనెలో వేయించేది, చూడగానే గారె అని పలకరిస్తారు. రోటీ, బంగాళదుంప కూర, అలసంద కాయల వేపుడు దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త: ‘శాకాహార రోటీ’ అన్నా ఉడికించిన గుడ్డు పక్కన పెట్టిస్తారు. ఆర్డరిచ్చేటప్పుడే ‘జోండర్ ఐ’, అంటే గుడ్డు లేకుండా, అని చెప్పండి. కూరగాయలకైతే హాగ్సె మార్క్ట్ సంత ఉంది, సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో.