వి-క్రాస్‌కి పెద్ద ఇంటర్‌కూలర్: అరకు ఘాట్‌లో నాకు తేలిన లెక్క

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. బండి 2018 ఇసుజు వి-క్రాస్ పికప్, 2.5 లీటర్ల డీజిల్ ఇంజిన్. ఇంటిల్లిపాదినీ, వెనక సామాన్లనూ వేసుకుని అరకు వెళ్తుంటే, శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలైన కాసేపు బాగానే లాగుతుంది. అనంతగిరి దగ్గరపడేసరికి బండి బరువెక్కినట్టు అయిపోతుంది, ఏసీ చల్లదనం కూడా తగ్గుతుంది. థాయ్‌లాండ్ నుంచి పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని ఇంజిన్‌లోకి వెళ్ళేముందు చల్లబరిచేది) తెప్పించి వేస్తే అన్నీ పోతాయని ఎవరో చెప్పారు. వేయించొచ్చా?

వేయించొచ్చు. నాదీ అదే ఇంజిన్, నేనూ వేయించాను. కాకపోతే దానికంటే ముందు చేయాల్సిన పనులున్నాయి. అవి చేశాక చాలా బళ్ళకి ఇంటర్‌కూలర్ మార్చే అవసరమే మిగలదు.

ముందు లెక్క చూడండి. ఎగ్జాస్ట్ ఊపుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపేది టర్బో. బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు అది గాలిని 2.3 రెట్లు నొక్కిందనుకోండి. టర్బో సామర్థ్యం 70 శాతం అనుకుంటే అటుపక్క వచ్చే గాలి దాదాపు 150 డిగ్రీలుంటుంది. కంపెనీ ఇంటర్‌కూలర్ దాన్ని 60కి దించితే గాలి చిక్కదనం పాతిక శాతం పైనే పెరుగుతుంది. అసలు లాభమంతా అక్కడే వచ్చేసింది. ఇప్పుడు పెద్దది పెట్టి 60ని 50 చేశారనుకోండి, అదనంగా వచ్చేది 3 శాతం. ఆ కొత్త కోర్‌లో (సన్నటి గొట్టాలూ రెక్కలూ ఉండే అసలు భాగంలో) గాలి వెళ్ళడానికి ఇబ్బందిపడి పాతదానికంటే మరో 0.1 బార్ ఒత్తిడి పోయిందా, 4 శాతం నష్టం. కొన్నదానికి ఫలితం మైనస్‌లోకి వెళ్ళిపోయింది. ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, ఊరుకోదు, తగ్గిన బూస్ట్‌ని (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడిని) భర్తీ చేయడానికి టర్బోని ఇంకా తిప్పుతుంది, గాలి ఇంకా వేడెక్కుతుంది.

పైగా ఇది డీజిల్. గాలి ఎక్కువైనంత మాత్రాన పవర్ రాదు, డీజిల్ కూడా ఎక్కువ పడాలి. ఎంత పడాలో ఈసీయూ మ్యాప్‌లో ముందే రాసి ఉంటుంది. అందుకని రీమ్యాప్ చేయని, అంటే ఆ మ్యాప్‌ని మార్పించని బండికి పెద్ద ఇంటర్‌కూలర్ వల్ల వచ్చేది ఎగ్జాస్ట్ వేడి కాస్త తగ్గడం, పొగ కాస్త తగ్గడం. "పెద్దది పెడితే బండి ఎగిరిపోద్ది గురూ" అనేవాళ్ళు అదే పూట రీమ్యాప్ కూడా చేయించుకుని ఉంటారు, ఆ సంగతి మీకు చెప్పరు.

ఇక మన విశాఖ సంగతి. నేను రోజూ కాన్వెంట్ జంక్షన్ మీదుగా పోర్టు వైపు వెళ్ళేవాణ్ణి. అక్కడి బొగ్గు పొడి, సముద్రపు తేమ కలిసి రెక్కల మధ్య నల్లటి పేస్టులా పట్టేస్తాయి. బంపర్, గ్రిల్ విప్పించి టార్చి వేసి చూస్తే ఇంటర్‌కూలర్ కింది భాగంలో వెలుతురు అటుపక్కకి రాలేదు. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌దీ అదే పరిస్థితి. మీ ఏసీ కూడా అదే చోట తగ్గుతోందన్నారు చూడండి, నాకు మొదటి అనుమానం అక్కడే. ఇంటర్‌కూలర్ పెద్దది పెడితే ఏసీ ఎందుకు బాగుపడుతుంది? రెండూ ఒకేసారి చతికిలబడుతున్నాయంటే ముందు నుంచి వచ్చే గాలికే అడ్డం పడి ఉండాలి.

కడిగించేటప్పుడు వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెట్టనివ్వకండి, రెక్కలు మడతపడిపోతాయి. విప్పి, ఇంజిన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపు ధారతో. లోపల జిడ్డు వదిలించే డీగ్రీజర్ పోసి ఊపి ఒంపించండి. పైపుల్లో నూనె పూత పూసినట్టు ఉంటే కంగారు లేదు, ప్రతి టర్బో డీజిల్‌కీ ఉంటుంది. గ్లాసుడు నూనె కారితే మాత్రం బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిర్లు బయటికొచ్చే గొట్టం), టర్బో సీల్ చూపించకుండా బండి ఘాట్ ఎక్కించొద్దు. ఆ నూనెని ఇంజిన్ పీల్చేసుకుంటే ఆఫ్ చేసినా ఆగకుండా పరిగెడుతుంది. ఇదివరకు టర్బో పగిలి ఇనుప రజను కోర్‌లోకి వెళ్ళిన బండైతే కడగడం మీద నమ్మకం పెట్టుకోకండి. అప్పుడు మార్చడమే సరైనది, అదీ కంపెనీ సైజుదే చాలు.

తర్వాత లీక్ టెస్ట్. గాజువాక ఆటోనగర్‌లో రేడియేటర్ పనిచేసేవాళ్ళు చేసేస్తారు. రెండు మూతులూ మూసి ఒక బార్ గాలి పట్టించి సబ్బునీళ్ళు చల్లడమే. ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియం కోర్‌కి కలిసే అంచు దగ్గర, గొట్టం క్లిప్పు దగ్గర బుడగలు చూడండి. నాకు టర్బో వైపు గొట్టం మడత దగ్గర సన్నగా చీలి ఉంది, చేత్తో తడిమితే తెలియనంత. చల్లగా ఉన్నప్పుడు మూసుకునే ఉంటుంది, వేడెక్కి మెత్తబడి బూస్ట్ పడితే తెరుచుకుంటుంది. ఘాట్‌లో కాసేపయ్యాకే బండి నీరసించడానికి ఇదొక కారణం కావచ్చు. ఈ రెండు పనులకీ అయిన ఖర్చు కొత్త కోర్ ధరలో చాలా చిన్న వంతు.

కొలవకుండా మాత్రం కొనకండి. బండి కంప్యూటర్‌కి తగిలించే ఓబీడీ అడాప్టర్‌తో ఫోన్‌లో కనబడే ఇన్‌టేక్ టెంపరేచర్ చాలా బళ్ళలో ఎయిర్ ఫిల్టర్ పక్కనున్న మాఫ్ సెన్సర్‌ది (లోపలికొచ్చే గాలిని కొలిచేది), అంటే టర్బోకి ముందుది. దాన్ని చూసి ఇంటర్‌కూలర్ గురించి ఏమీ చెప్పలేం. నేను ఇంటర్‌కూలర్ నుంచి బయటికొచ్చే పైపులో కె-టైప్ థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) బిగించి మల్టీమీటర్ డ్యాష్‌బోర్డ్ మీద పెట్టుకున్నాను. పక్కసీటులో కూర్చున్న మా ఆవిడ చదివి చెప్పేది. బయట 33 ఉన్నప్పుడు కడగకముందు ఘాట్‌లో 80 దాకా పోయింది. కడిగి, గొట్టం మార్చాక 65 దాటలేదు. బండి నీరసం కూడా అక్కడికే పోయింది.

మరి నేనెందుకు మార్చానంటే, నాది రీమ్యాప్ చేసిన బండి, తరచూ పాడేరు వైపు బరువుతో వెళ్ళే పని. అరకు ఎత్తు 900 మీటర్ల పైన, అక్కడ గాలి ఒత్తిడి పదో వంతు దాకా తగ్గుతుంది. అదే బూస్ట్ ఇవ్వడానికి టర్బో ఇంకా కష్టపడాలి, వేడీ ఎక్కువే. కొత్తది వేశాక అదే ఎక్కుడులో 55 దగ్గర నిలబడింది. మొదటి గేర్లలో తేడా ఏమీ తెలియలేదు, నిజం చెప్పాలంటే తక్కువ ఆర్‌పీఎంలో టర్బో అందుకోవడం రవ్వంత ఆలస్యమైంది. పైపులో నింపాల్సిన గాలి పెరిగింది కదా. లాభం తెలిసింది ఎక్కుడు చివర్లోనే.

కొనేటట్టయితే మందం చూసి మురిసిపోకండి. బార్ అండ్ ప్లేట్ కోర్ (కడ్డీలూ పలకలూ పేర్చి అతికించినది) గట్టిది, రాయి తగిలినా తట్టుకుంటుంది, కాసేపటి వేడిని మింగేస్తుంది. కానీ మలుపుల్లో గంటకి పాతిక కిలోమీటర్ల వేగంతో అరగంట ఎక్కుతుంటే ఆ మింగడం ఎంతసేపు? ఆ వేగంలో ఇంజిన్ ఫ్యాన్ లాగే గాలే దిక్కు. మందపాటి కోర్ ఆ గాలిని రేడియేటర్‌కి అందనివ్వదు, ఇంజిన్ టెంపరేచర్ ముల్లు లేస్తుంది. ఎత్తూ వెడల్పూ పెరిగి, మందం పాతదానికి దగ్గరగా ఉన్నది నాకు నచ్చింది. సెన్సర్ బిగించే చోటు దానిలో ఉందో లేదో ముందే అడగండి, లేకపోతే ఆర్గాన్ వెల్డింగ్ తిరుగుడు.

బ్రాకెట్లని మన ఉప్పుగాలి తినేస్తుంది. ఇనుము అల్యూమినియంని నేరుగా తాకకుండా మధ్యలో రబ్బరు బుష్‌లు వేయించండి. కోర్ మీద దట్టంగా పెయింట్ కొట్టనివ్వకండి.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడాగా అయ్యేలా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. ఇన్సూరెన్స్ వాళ్ళని రాతపూర్వకంగా అడిగాకే ఏ పనైనా.

మీ బండి రీమ్యాప్ అయిందో లేదో రాయలేదు. రీమ్యాప్ అవకపోయుంటే కడిగించి, లీక్ చూపించి, థర్మోకపుల్ పెట్టుకుని ఇంకోసారి అనంతగిరి దాకా ఎక్కండి. 65 లోపు ఉంటే ఆ థాయ్‌లాండ్ ఆర్డర్ ఆపేయండి. అప్పటికీ 80 చూపిస్తే ఆ అంకెలు ఇక్కడ రాయండి, కోర్ సైజు అప్పుడు చూద్దాం.