కంటైనరు తాళం కొనబోయే ముందు

దేవరకొండ

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నీ కంటైనరు స్టోరు తలుపుకు వేద్దామని నువ్వు పంపిన తాళంకప్ప ఫొటో చూశాను. మెరుపు బాగుంది, ధర కూడా బాగానే ఉంది. "ఇది సరిపోతుందా పెదనాన్నా?" అని అడిగావు. తాళం ఒక్కదాన్నే చూసి ఎవరైనా ఏం చెప్పగలరు? అది దేనికి వేలాడబోతోందో చూడాలి కదా. తలుపు ఫొటో నువ్వు పంపనే లేదు. కాబట్టి కొనడం కాస్త ఆపు. ఒక టేపు, ఒక స్పానరు, ఒక సుత్తి పట్టుకుని ముందు ఆ డబ్బా దగ్గరికి వెళ్లు.

సముద్రం పొడ తెలియని మన పాలమూరులో ఓడల మీద తిరిగొచ్చిన పెట్టెలు ఊరూరా స్టోర్లయి కూర్చోవడం నాకు ఇప్పటికీ తమాషాగానే ఉంటుంది. ఓడ మీద ఉన్నప్పుడు ఆ తలుపుకు వేసేది సీలు. ఒకసారి బిగిస్తే కోసి తీయవలసిందే. దారిలో ఎవరైనా తెరిస్తే ఆ సంగతి బయటపెట్టడమే దాని పని. పిడి దగ్గరుండే రంధ్రాలు కూడా ఆ సీలుకు సరిపడేంతే ఉంటాయి. నీ పెట్టె ఇప్పుడు జడ్చర్ల శివారులో 44వ నంబరు రహదారి పక్కన కదలకుండా కూర్చుంది. లోపల సబ్‌మెర్సిబుల్ మోటార్లు, కేబులు, రాగి వైండింగు తీగ. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి ఎత్తుకుపోయే వాళ్ల కంట అది పడకుండా ఉంటుందా?

తలుపులకు ఎదురుగా నిలబడు. ఒక్కో రెక్కకు రెండేసి నిలువు రాడ్లు ఉంటాయి. రాడ్డు పైకొన, కిందికొన కొక్కేల్లా ఉండి చట్రంలోని గాడుల్లో కూర్చుంటాయి. కుడి రెక్క ఎడమ రెక్క అంచు మీదికి వచ్చి మూసుకుంటుంది. అంటే కుడిది తెరవనిదే ఎడమది రాదు. ఒకే తాళం వేసేట్లయితే కుడి రెక్కకు, అందులోనూ మధ్య చీలికకు దగ్గరగా ఉన్న రాడ్డు పిడికి వేయాలి. చివరనున్న ఎడమ పిడికి వేసి నిశ్చింతగా ఇంటికి వెళ్లిన వాళ్లను చూశాను.

ఇప్పుడు ఆ పిడి రాడ్డును ఎక్కడ పట్టుకుని ఉందో వంగి చూడు. అక్కడ ఒక రివెట్టు ఉంటుంది. కొన్ని పెట్టెల్లో బోల్టు ఉంటుంది. ఆ రివెట్టును సుత్తితో కొట్టి బయటికి తీస్తే పిడి, తాళం ఎక్కడివక్కడే ఉంటాయి, రాడ్డు మాత్రం తిరిగిపోతుంది. సీలు చెక్కుచెదరకుండా కంటైనర్లలోంచి సరుకు మాయం చేసే వాళ్ల పాత విద్య ఇదే. నీది సెకండ్‌హ్యాండు పెట్టె కాబట్టి యార్డులో ఎవరో ఒకసారి రిపేరు చేసే ఉంటారు. పాత రివెట్టు పోయినచోట మామూలు బోల్టు బిగించి ఉంటారు. స్పానరు పట్టిచూడు. బయటినుంచి తిరిగే బోల్టు ఒక్కటి కనిపించినా సరే, నీ తాళం పది రూపాయలదైనా పదివేలదైనా ఒకటే. పిడి దగ్గర, పిడి కూర్చునే పట్టీ దగ్గర, రాడ్డును పట్టి ఉంచే బ్రాకెట్ల దగ్గర, కీళ్ల దగ్గర అలాంటివన్నీ గుర్తుపెట్టి, వాటి తలలకు వెల్డింగు చుక్కలు పెట్టించు.

వెల్డరు ఎలాగూ వస్తాడు కాబట్టి అదే రోజు తాళం పెట్టె కూడా చేయించు. నా మాట వింటే, నీ దగ్గరున్న డబ్బులో సగానికిపైగా దీనికే పెట్టు. ఐదారు మిల్లీమీటర్ల మందం రేకుతో, అడుగున మాత్రమే తెరిచి ఉండే గూడు అది. కుడి రెక్క మీద గూడు, ఎడమ రెక్క మీద దాని లోపలికి వచ్చే పలక. రెండింటి రంధ్రాలూ ఒకదానికొకటి ఎదురుగా వస్తాయి, తాళం కడ్డీ ఆ రెండింటినీ కలుపుతుంది. పైనుంచి, పక్కలనుంచి తాళం కనపడదు. కిందినుంచి చెయ్యి దూర్చి తడుముకుంటూ వేయాలి, తీయాలి. కడ్డీలు కోసే బోల్ట్ కట్టర్‌కు పొడవాటి చేతులు చాపితేగానీ బలం రాదు. ఆ గూటిలో చాపడానికి చోటే ఉండదు. పైగా పిడి విరిచినా, రివెట్టు తీసినా రెండు రెక్కలూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి.

వెల్డింగు పెట్టేటప్పుడు లోపలి సరుకు తలుపు దగ్గరినుంచి దూరంగా జరిపించు. ఆ పెట్టెల అడుగు ప్లైవుడ్డు, తలుపు అంచున రబ్బరు పట్టీ. రెండూ నిప్పు అంటుకునేవే. నీ డ్రిప్పు పైపుల సంగతి చెప్పనక్కరలేదు. ఒక బకెట్ నీళ్లు, ఒక మనిషి లోపలివైపు ఉండాలి. అతుకు చల్లారాక రెడ్ ఆక్సైడు పూయకపోతే మొదటి వానకే తుప్పు మొదలవుతుంది.

గూడు పూర్తయ్యాకే కొలతలు తీసుకుని తాళానికి వెళ్లు. అంత గూటిలో కప్ప పట్టాలి, నీ చెయ్యి పట్టాలి, తాళంచెవి తిప్పడానికి సందు ఉండాలి. చాలామంది పెద్ద తాళం కొనుక్కొచ్చి, అది పట్టక, రంధ్రాన్ని గ్యాసుతో కోసి పెద్దది చేస్తారు. అలా చేస్తే చుట్టూ మిగిలే ఇనుము ఉంగరమంత సన్నబడిపోతుంది, కట్టర్ కడ్డీని వదిలి దాన్నే కొరుకుతుంది.

దుకాణంలో ఏమవుతుందో ముందే చెబుతాను. "ఇది అలీగఢ్ మాల్, ఏడు లివర్లు" అంటాడు. లివర్లంటే తాళం లోపల చెవి పైకెత్తే పలకలు. అలీగఢ్‌లో మంచి తాళాలూ తయారవుతాయి, నాసివీ తయారవుతాయి. ఊరి పేరు పూచీ కాదు. ముచ్చటపడితే తమిళనాడు దిండిగల్ తాళం చూడు, దానికి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంటి బీరువా గదికి అది ముద్దుగా ఉంటుంది. లివర్లు ఎక్కువుంటే వంకర తీగతో తెరవడం కష్టమవుతుంది, నిజమే. కానీ అర్ధరాత్రి రాగి కోసం వచ్చేవాడు తీగతో కూర్చుని లివర్లు లెక్కపెట్టడు. కట్టర్ తెస్తాడు, లేదా ఇనుము కోసే బ్యాటరీ గ్రైండర్ తెస్తాడు. అందుకని నీ చూపు వంపు కడ్డీ మీద ఉండాలి.

కడ్డీ హార్డెన్డ్, అంటే గట్టిపరిచిన ఉక్కుదై ఉండాలి. ఆ మాట దానిమీదే చెక్కి ఉంటుంది, కానీ చెక్కడానికేముంది? జేబులో చిన్న ఆకురాయి పెట్టుకుని వెళ్లు. కడ్డీ మడమ దగ్గర, కనపడని చోట, పైపూత దాటేదాకా నాలుగుసార్లు గీయి. మెత్తటి ఇనుమైతే ఆకురాయి పట్టుకుని పొడి రాలుతుంది. గట్టిపరిచిన ఉక్కయితే గాజు మీద గీసినట్టు జారిపోతుంది. దుకాణదారు చిరాకుపడతాడు, పడనీ. గీయనివ్వకపోతే పక్క దుకాణానికి వెళ్లు. మందం పన్నెండు మిల్లీమీటర్లకు తగ్గొద్దు. కప్ప భుజాలు పైకి లేచి కడ్డీని ముప్పాతిక కప్పేసే రకం దొరికితే అదే తీసుకో. కడ్డీ రెండు కాళ్లూ లోపల ఉక్కు గుండ్లతో లాక్ అయ్యేవి కావాలి. చౌక రకాల్లో స్ప్రింగు నాలుక ఉంటుంది, సన్నటి రేకు ముక్క దూర్చితే చాలు, అది తప్పుకుంటుంది. విదేశీ తాళమైతే పెట్టె మీద ఈఎన్ 12320 అనే ఐరోపా ప్రమాణం గ్రేడు చూడు. ఒకటి నుంచి ఆరు దాకా ఉంటాయి, ఆరు అన్నిటికన్నా గట్టిది. నీకు నాలుగు చాలు. వేలిముద్ర తాళాలు, ఫోనుతో తెరిచే తాళాలు మన మే నెల ఎండలో ఇనుప పెట్టెకు వేలాడదీయకు.

గ్రైండరుకు మాత్రం ఏ మామూలు తాళమూ నిలవదు. ఈ మాట దుకాణంలో ఎవరూ చెప్పరు. అయితే గ్రైండరు కేక వేస్తుంది, నిప్పురవ్వలు చిమ్ముతుంది. అందుకే తలుపు రోడ్డుకు, పక్కనున్న టీ హోటలుకు కనపడేవైపు ఉండాలి, పైన రాత్రంతా లైటు వెలగాలి. తలుపును గోడవైపు తిప్పి దాచానని మురిసిపోతే, దొంగకు తీరిగ్గా పనిచేసుకునే చోటు చూపించినట్టే.

ఇక కోయడాలు, విరవడాలు పక్కనపెట్టు. ప్రాజెక్టు సైట్లలో స్టోరు తాళాలు నడుముకు కట్టుకుని బతికినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, సరుకు ఎక్కువగా తాళంచెవితోనే పోతుంది. పొద్దున తాళం తీసి తెరిచిన కప్పను అలాగే గొళ్లానికి తగిలించి లోపలికి పోతావు. అచ్చం అలాంటిదే మరొకటి ఎవడో అక్కడ తగిలించి నీది పట్టుకుపోతాడు. సాయంత్రం చీకట్లో నువ్వే దాన్ని టక్కున నొక్కి ఇంటికి వెళ్తావు. రాత్రి వాడు తన తాళంచెవితో తీసుకుంటాడు. పొద్దున చూస్తే నీ పాత కప్పే వేలాడుతూ ఉంటుంది, ఎక్కడా ఒక్క గాటు ఉండదు. అందుకని తెరిచిన వెంటనే కప్పను అక్కడే మళ్లీ మూసి తాళంచెవి జేబులో వేసుకో. అలా మూసిన కప్ప గూటిలో ఉంటే, నువ్వు లోపల ఉండగా ఎవరైనా పొరపాటున తలుపు వేసి తాళం బిగించే ప్రమాదమూ ఉండదు. ఆ ఇనుప డబ్బాలో ఎండాకాలం మధ్యాహ్నం ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది. సాయంత్రం తాళం వేసే ముందు మూలమూలకూ టార్చి కొట్టి, పేరుపెట్టి పిలిచి చూడు. పనిపిల్లలు బస్తాల వెనక నిద్రపోతారు.

తాళంతోపాటు సాధారణంగా మూడు చెవులు, కొన్నిటికి నంబరు చెక్కిన బిళ్ల వస్తాయి. ఆ నంబరుంటే కొత్త చెవి చేయించుకోవచ్చు కాబట్టి బిళ్ల ఇంట్లో బీరువాలో పెట్టు. చెవుల ఫొటో ఎవరికీ పంపకు, నాకు కూడా. ఒకటి నీ దగ్గర, ఒకటి మీ అమ్మ దగ్గర, మూడోది బిళ్లతోనే. పనివాడికి చెవి ఇచ్చి పంపావంటే బస్టాండు దగ్గర నిమిషాల్లో నకలు తయారవుతుంది. చెవి పట్టుకున్నవాడు పని మానేసిన రోజే తాళం మార్చు, వాడు ఎంత మంచివాడైనా సరే.

మన ఎర్రదుమ్ము తాళంలో చేరి, జూన్ వానకు ముద్దకట్టి బిగుసుకుపోతుంది. కొబ్బరినూనె, గ్రీజు పోయకు, అవి దుమ్మును ఇంకా పట్టుకుంటాయి. పెన్సిల్ ముల్లు గీకిన పొడి లోపలికి ఊది, చెవి నాలుగుసార్లు తిప్పు. నెలకొకసారి చాలు.

వెల్డరుతో మాట్లాడాక తలుపు ఫొటోలు దగ్గరినుంచి తీసి పంపు. రివెట్లు స్పష్టంగా కనపడాలి. అప్పటిదాకా రాగి తీగ చుట్టలు ఇంటికి తెచ్చుకో.

మీ పెదనాన్న